ఇద్దరవ్వలకి ఒకే గౌను అమ్మినాను

హోసూరు బస్టాండు వెనక వీధిలో చిన్నబిడ్డల బట్టలంగడి ఒకటి ఉండాది. దాంట్లో ఇరవై ఆరేండ్లు నిలబడినాను. పని చేసినాను అనకుండా నిలబడినాను అని ఎందుకంటా ఉండానంటే, మా మేడమ్ అంగడిలో స్టూలు వెయ్యనిచ్చేది కాదు. "కూచున్న మనిషిని ఎవరూ రెండో గౌను తియ్యమని అడగరు" అనేది. పోయినేడు నా మోకాళ్ళు రెండూ కలిసి రాజీనామా ఇచ్చినాయి. వాటి వెనకాలే నేనూ ఇచ్చినాను.

మొన్న ఆ అంగడిలో కొత్తగా చేరిన ఆడపిల్లలు ఇద్దరు మా ఇంటికొచ్చినారు. "రాజక్కా, ఈ పనిలో నేర్చుకొనేదానికి ఏముండాది? సైజు చూసి తీసిచ్చేదే కదా" అన్నారు. కాఫీ ఇచ్చి నవ్వుతానే పంపించినాను గానీ ఆ మాట లోపల గుచ్చుకొనింది. సైజంట! సైజు అట్ట మీదే అచ్చేసి ఉంటాది. అట్ట మీద లేనిది చెప్దామని ఇది రాస్తా ఉండాను. చదివినాక కూడా సైజే అనుకుంటే మీ ఇష్టం.

బిడ్డకి ఏదైనా ఒకటే

ముందు ఒక సంగతి తెలుసుకోండి. మన అంగడికి వచ్చేవాళ్ళు బిడ్డకోసం కొనరు. బిడ్డకి ఏం కావాలో నాకు బాగా తెలుసు. గుచ్చుకోని గుడ్డ కావాల, తడిస్తే ఏడ్చేలోగా బిరిన్నే మార్చేవాళ్ళు కావాల. అంతే. ఆ జరీ, ఆ లేసు, ఆ వీపు మీద కుట్టిన సీతాకోకచిలక, ఇవన్నీ చూసేవాళ్ళకోసం. మేనత్తకి ఫొటోలో కనిపించేది కావాల. ఆఫీసులో కలిసి చేసేవాళ్ళకి పెద్ద డబ్బా కావాల, లోపల ఏముంటే ఏమి. తాతకి మూడేండ్లు సరిపోయేది కావాల. అందుకే "బిడ్డకి ఎన్ని నెలలు?" అని మొదలు పెట్టొద్దండి. "ఎవరింటికి తీసుకొని పోతా ఉండారు?" అని అడగండి. అది తెలిస్తే సగం పని అయిపోయినట్లే.

ఒక ఆదివారం ఆరుగురు మగోళ్ళు ఒకేసారి లోపలికి దూరినారు. అందరూ గోదావరి పక్కనించి వచ్చి ఈడ ఫ్యాక్టరీలో చేసేవాళ్ళు. వాళ్ళ సూపర్‌వైజరుకి కొడుకు పుట్టినాడంట, ఆరుగురూ కలిసి ఒక మంచి డ్రెస్సు ఇవ్వాలంట.

"బాబు ఎంత ఉంటాడప్పా?" అని అడిగినాను.

ఒకాయన మోచెయ్యి నించి వేళ్ళ దాకా చూపించినాడు. ఇంకొకాయన రెండు చేతులూ చాపి పనసకాయంత చూపించినాడు.

"ఎన్ని నెలలు?"

"మూడండి."

"మూడేంట్రా, ఆరు. ఫొటోలో కూర్చున్నాడుగా."

"కూర్చోలేదు, కూర్చోబెట్టారు. వెనకాల దిండుంది చూడు."

ఫోనులో ఆ ఫొటో తీసి చూపించినారు. నిజంగానే దిండు ఉండాది. నేను దిండు గలీబుకి అంచనా వేసి, దాంట్లో ముక్కాలు వంతు బాబుకి లెక్కేసి ఒక సైజు తీసినాను. వాళ్ళకి తెల్ల స్వెట్టరు మీద మనసు పడింది. నేను ఇవ్వనన్నాను. "తెల్లది ఇచ్చినారంటే, దాన్ని ఉతికే అమ్మ ప్రతి దినమూ మిమ్మల్ని తలుచుకుంటాది. ఎట్ల తలుచుకుంటాదో నేను చెప్పను" అన్నాను. ఆరుగురూ ఒకరి మొగం ఒకరు చూసుకొని ముదురు ఆకుపచ్చది తీసుకొని పోయినారు. సంవత్సరం తిరక్కముందే వాళ్ళల్లో పనసకాయంత చూపించినాయన ఒక్కడే వచ్చి, "అక్కా, ఈసారి మా ఇంటికేనండి" అని సిగ్గుపడినాడు. ఈ పనిలో నాకు నచ్చింది ఇదే. మనిషి ఒకసారి వేరే వాళ్ళకోసం వచ్చి, రెండోసారి తనకోసం వస్తాడు.

మా మేడమ్

అంగడి వసుంధరమ్మది. కృష్ణగిరి మనిషి. కండ్లు మూసుకొని గుడ్డని చెంపకి రుద్దుకొని, దాంట్లో నూలెంతో నైలానెంతో చెప్పేసేది. కొత్త సరుకు వస్తే మొదట మా మెడల మీదే రుద్దేది. మా మెడ మీద దద్దురు లేస్తే ఆ కట్టంతా వాపసు పోయేది. ఆ ఒక్క గుణానికి ఆమెకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఆమె తిట్లలో ఒక వరస ఉండె. తెలుగులో తిడితే ఏం కాదు, ఇంకో గంటకి కాఫీ తెప్పిస్తాది. తమిళంలో తిడితే కోపం నిజమే. కన్నడంలోకి దిగిందంటే సంచి సర్దుకోవాల. నా ముందర ఇద్దరు అట్ల సర్దుకొని పోయినారు. ఇద్దరూ అబద్ధం చెప్పి అమ్మినవాళ్ళే. ఒకామె రంగు పోయే గౌనుని పోదని అమ్మింది. ఇంకొకామె పాత సరుకుని కొత్తదని అమ్మింది. "బిడ్డ దాంట్లో అబద్ధమా?" అని అడిగి ఆ దినమే పంపించేసింది.

ఆమె తప్పు కూడా చెప్పాల కదా. మగబిడ్డకి నీలం, ఆడబిడ్డకి రోజా రంగు. దాన్ని దాటితే ఒప్పుకొనేది కాదు. నేను పచ్చవీ నారింజవీ ముందరికి జరిపేదాన్ని. ఆమె వెనక్కి జరిపేది. ఇరవై ఆరేండ్లలో ఆ గౌన్లు నడిచినంత దూరం మేమిద్దరమూ నడిచుండము. ఇప్పుడు వచ్చే తల్లులంతా నేను జరిపిన రంగులే అడుగుతా ఉండారు. ఆమెకి ఈ మాట చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తాది.

నేను చేసిన తప్పు

ఇంగ అసలు సంగతికి వస్తాను. దీన్ని ఇంతవరకూ మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

బేరిగై నించి నంజమ్మ అని ఒకామె వచ్చింది. టమాటా తోట ఉండే మనిషి. గొంతు విప్పితే అంగడిలో హ్యాంగర్లు ఊగుతాయి. కొడుక్కి కూతురు పుట్టింది, శుక్రవారం బిడ్డని తొట్లిలో వేసి పేరు పెడతారు, దానికి గౌను కావాల. ఒక్క గౌనైనా చూడకముందే అడిగింది.

"ఆ బాగలూరామె వచ్చిందా?"

"ఎవరమ్మా?"

"మా కోడలి తల్లి. మునెమ్మ. పూలతోట ఆమె. వచ్చిందా లేదా చెప్పు."

రాలేదని చెప్పినాను. ఆమె కొంచెం తగ్గి కథంతా చెప్పింది. పెండ్లిలో రెండో పంక్తికి అప్పళాలు అయిపోయినాయంట. ఈమె ఒక మాట అనింది, ఆమె రెండు మాటలు అనింది. అది మొదలు రెండేండ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే కోడలు కళావతి మధ్యలో నిలబడాల. "మీ అమ్మకి చెప్పు", "మీ అత్తకి చెప్పు" అని. బిడ్డని కన్న పిల్లకి ఈ పోస్టు మోసే పని ఒకటి.

ఆ వారం మాకు చిలకపచ్చ పట్టు గౌన్లు రెండే రెండు వచ్చినాయి. ఎర్రంచు, లోపల మెత్తటి నూలు గుడ్డ. ఒకటి వీధిలోకి కనిపించేటట్లు అద్దాల కిటికీలో వేలాడదీసినాము, ఒకటి లోపల ఉండె. నంజమ్మ లోపలిది తీసుకొనింది. పోతా పోతా నా చెయ్యి పట్టుకొని, "ఆ బాగలూరామె వస్తే నేనేం కొన్నానో చెప్పొద్దు. ఈ మాదిరిది చూపించనూ వొద్దు. మాట ఇయ్యి" అనింది.

"ఇచ్చినానమ్మా" అన్నాను.

మరుసటి దినం మేడమ్ కృష్ణగిరికి పోయింది, బంధువుల పెండ్లికి. ఆ దినమే మునెమ్మ వచ్చింది. సన్నంగా, మెల్లిగా మాట్లాడే మనిషి. జడలో రెండు రోజాలు. నవ్వు మొగం. ఇట్లాంటోళ్ళ దగ్గిర జాగ్రత్తగా ఉండండమ్మా, గట్టిగా అరిచేవాళ్ళతో ఏ భయమూ లేదు.

"బేరిగై ఆమె ఏం కొనిందమ్మా?" అని అడిగింది.

"ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పమమ్మా" అన్నాను.

"మంచిది, చెప్పొద్దు. అట్లే ఉండాల" అని నవ్వింది. ఊరకే నా మొగమే చూస్తా ఉండింది.

నోరు మూసుకున్నాను గానీ, నా కండ్లు వాటంతట అవే కిటికీ పక్కకి పోయినాయి. ఒక్క క్షణం. ఆమెకి అంతే చాలు.

"అది తీసియ్యి" అనింది.

ఈడ నిజం చెప్పాల. కండ్లు తప్పి పోయినాయి అంటే అది పొరపాటు. ఆ తరవాత చేసింది పొరపాటు కాదు. "అది అమ్మేదానికి కాదు, కిటికీ కోసం పెట్టింది" అని ఒక్క మాట అనుంటే అయిపోయేది. అనలేదు. ఎందుకంటే నాకు లోపల ఒకటే గిలిగింత. తొట్లి దినం ఆచారం ప్రకారం తల్లి పుట్టింటి బట్టే బిడ్డకి ముందర వేస్తారు. ఈమె గౌను వేసినాక నంజమ్మ తనది విప్పితే ఆ మొగం ఎట్లుంటాదో అని ఊహించుకొని, నేనే కొక్కెం పట్టుకొని కిటికీలోది కిందికి దింపినాను. కాగితం చుట్టి, రిబ్బను కూడా కట్టినాను. శుక్రవారమంతా జబ్లాలు మడత పెడతా నాలో నేనే నవ్వుకొన్నాను. పక్కనుండే పిల్ల, "ఏమక్కా, ఒంట్లో బాగలేదా?" అని అడిగింది.

ఇద్దరూ కలిసి వచ్చినారు

సోమవారం పదిన్నరకి అంగడి ముందర ఆటో ఆగింది. దాంట్లోనించి నంజమ్మ దిగింది. ఆమె వెనకాలే మునెమ్మ దిగింది. ఇద్దరి చేతుల్లోనూ చిలకపచ్చ. వాళ్ళ వెనక కళావతి, చంకలో బిడ్డ. నా నవ్వు యాడికి పోయిందో నాకే తెలీదు.

మేడమ్ గల్లా దగ్గరే ఉండె.

"ఏమమ్మా, అది నోరేనా?" అని నంజమ్మ మొదలు పెట్టింది. "చూపించనని మాటిచ్చి, ఆమెకీ ఇదే అంటగట్టినావా? ఊరంతా చూస్తా ఉండంగా రెండు గౌన్లూ ఒకటే! ముందర వేసింది బిడ్డ మీద ఉండాది, నేను అదే ఇంకొకటి పట్టుకొని నిలబడినాను. మా ఆడబిడ్డ అందరి ముందర నవ్వింది!"

నేను మునెమ్మ పక్క చూసినాను. ఆమె ఇప్పుడు నిజం చెప్తాదేమో అనుకొన్నాను. ఆమె కొంగు సర్దుకొని, నంజమ్మ భుజానికి దగ్గరగా జరిగి అనింది:

"నాకూ అట్లే చేసింది వదినా. 'ఇది ఒకటే పీసమ్మా, ఇంగెవరూ కొనలేదు' అని ఒట్టేసినట్లు చెప్పి అమ్మింది. నాకేం తెలుసు?"

అంత పచ్చి అబద్ధం అంత మెత్తగా చెప్పేదాన్ని నేను మళ్ళీ వినలేదు. నా నోరు తెరుచుకొనింది. ఆమె అడిగిందీ, నవ్విందీ, "అది తీసియ్యి" అనిందీ అన్నీ నాలుక చివరికి వచ్చినాయి. చెప్పుంటే నా ఉద్యోగం నిలుస్తాది. చెప్పకుంటే, అబద్ధం చెప్పి అమ్మిన మూడో మనిషిని నేనే.

అప్పుడు వాకిలి దగ్గిర కళావతి కనిపించింది. ఆ పిల్ల నన్ను చూడలేదు. వాళ్ళమ్మనే చూస్తా ఉండింది, నోరు తెరిచి. రెండేండ్లుగా "మీ అత్తకి చెప్పు" తప్ప ఇంకోటి అనని మనిషి, ఇప్పుడు "వదినా" అనింది. నంజమ్మ కూడా అది విని "చూసినావా వదినా, ఎట్ల నిలబడిందో!" అనింది. రెండు వదినలైనాయి. చంకలో బిడ్డ పాత బనీను ఒకటి వేసుకొని, దాని చేతిని చీకుతా నిద్రపోతా ఉండాది. ఈ గొడవంతా దాని గౌను గురించి అని దానికేం తెలుసు.

మునెమ్మ ఒక్కసారి నా కండ్లలోకి చూసింది. ఈసారి నవ్వు లేదు.

"అవునమ్మా" అన్నాను. "నేనే అట్ల చెప్పినాను. నాదే తప్పు."

ఇంగ చూడండి, ఇద్దరూ అందుకొన్నారు! ఒకామె ఆపితే ఇంకొకామె. నా జుట్టు నించి నా చెప్పుల దాకా ఏమీ వదల్లేదు. ఒకామె మాటని ఇంకొకామె పూర్తి చేస్తా ఉండె. నంజమ్మ "పుట్టినప్పటి నించీ" అంటే మునెమ్మ "అబద్ధాలేనేమో" అనేది. పెండ్లిలో ఇట్ల కలిసుంటే అప్పళాలు మళ్ళీ కాల్చుకొని ఉండొచ్చు.

మేడమ్ నా పక్కకి తిరిగింది. కన్నడంలో మొదలు పెట్టింది. నేను మనసులోనే సంచి సర్దుకోవడం మొదలు పెట్టినాను, టిఫిన్ డబ్బా, గొడుగు, కండ్లద్దాల పెట్టె. నాలుగు మాటలైనాక ఏమనుకొనిందో ఆపేసి, వాళ్ళిద్దరికీ కాఫీ చెప్పి, "ఒక గౌను మార్చిస్తానమ్మా. ఎవరిది మార్చాల?" అని అడిగింది.

నంజమ్మ తన గౌనుని గట్టిగా పట్టుకొనింది. మునెమ్మ మాత్రం వెంటనే తనది బల్ల మీద పెట్టేసింది. "నాది మార్చండమ్మా. మా ఇంట్లో పెరిగే బిడ్డ కాదు కదా, వదిన ఇచ్చిందే వేసుకొని తిరగనీ. నాకు స్వెట్టరు ఇయ్యండి, మనూరి చలికి" అనింది. నంజమ్మ తన కాఫీలోనించి సగం ఆమె గ్లాసులో పోసింది.

వాళ్ళు పోయినాక మేడమ్ గల్లా మూసి, "ఇప్పుడు నిజం చెప్పు" అనింది. తెలుగులోనే అడిగింది.

"చెప్పినాను కదా మేడమ్."

"మోసపోయిన మనిషి తనది వదులుకోదు రాజీ. ఆమె అడక్కనే వదులుకొనింది. ఏమో ఉండాది."

అప్పుడంతా చెప్పినాను, కండ్లు కిటికీ పక్కకి పోయింది, రిబ్బను కట్టింది, శుక్రవారం నవ్వుకొనింది కూడా. ఆమె అంతా వినింది. "ఈ దినం చెప్పిన అబద్ధానికి నిన్నేమీ అనను. నంజమ్మకిచ్చిన మాట తప్పినావే, దానికి మూడు నెలలు వెనక అరల దగ్గిర సాక్సులు, టోపీలు చూసుకో. వాటికి రహస్యాలుండవు" అనింది. మూడు నెలలు సాక్సులు జత చేసినాను. మీకు చెప్పేది అదే. అంగడికొచ్చే మనిషి గౌనుతో పాటు ఇంటి గుట్టు కూడా మన బల్ల మీద పెట్టి పోతాది. గౌను అమ్మచ్చు. గుట్టు మడిచి లోపల పెట్టాల. దాంతో ఆడుకొంటే గిలిగింతగా ఉంటాది, నేను కాదనను. కానీ ఆ గిలిగింత మనది, అవమానం ఇంకొకరిది. నంజమ్మ ఊరందరి ముందర గౌను పట్టుకొని నిలబడిన మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాగుండదు.

కొన్ని దినాలకి కళావతి ఒక్కతే వచ్చింది, బిడ్డకి టోపీ కోసం. "అక్కా, ఏమీ అనుకోవద్దు. వాళ్ళిద్దరూ ఇప్పుడు దినమూ ఫోను చేసుకుంటా ఉండారు. మొదట పది నిమిషాలు మిమ్మల్నే తిడతారు, ఆ తరవాత టమాటా ధర, పూల ధర" అనింది. "తిట్టనీ తల్లీ" అన్నాను. "నిలిపేస్తే చెప్పు, ఇంకొక తప్పు చేస్తాను."

మూడేండ్ల తరవాత

కళావతికి కొడుకు పుట్టినాడు. ఈసారి అవ్వలిద్దరూ ఒకే బస్సులో దిగినారు. నంజమ్మ నన్ను చూడంగానే, "ఆమె వొద్దు. ఆమె అబద్ధాలకోరు. ఇంకెవర్నైనా రమ్మను" అనింది, అంగడంతా వినేటట్లు. "అవునొదినా, ఆమె వొద్దు" అని మునెమ్మ తల ఊపింది. నేను పక్కకి జరిగి, మడతలు పెడతా నిలబడినాను.

నంజమ్మ లోపలి అరల పక్కకి పోయింది. అప్పుడు మునెమ్మ మెల్లిగా నా దగ్గరికొచ్చి, సంచిలోనించి ఆకులో చుట్టిన రోజాపూల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. తోటలోవి, ఇంకా తడిగా ఉండినాయి.

"ఆ దినం నా మానం కాపాడినావు తల్లీ" అనింది. "దినమూ తలుచుకుంటాను. చెప్పేదానికి నోరు రాలేదు."

ఇన్నేండ్ల పనిలో ఎవరూ నాకట్ల చెప్పింది లేదు. ఏదో అనబోయినాను. అంతలో ఆమె లోపలి పక్క ఒకసారి చూసి, ఇంకొంచెం దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"సరే గానీ, వదిన నిన్న మీ అంగడికి ఫోను చేసి ఏదో తీసి పెట్టమనిందంట కదా. అది ఏ రంగు?"

నేను ఆ పూల పొట్లాన్ని మెల్లిగా ఆమె సంచిలోనే తిరిగి పెట్టేసినాను.